తాత తొందరలో ఉన్నాడు

వ్యాను పెరలిల్యో కొండ మూడో మలుపు తిరక్కముందే వంటమనిషి ఉల్దా ఆ కబురు చెప్పేసింది. ఉల్దా నోట్లో నువ్వుగింజ నానదు. ఒళ్ళోని రొట్టెల సంచీ పక్కన పెట్టి, ముందు సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగింది.

"దోన్యా మేలా, నీకింకా తెలీదు కదూ? మన యెర్కో రాయి పట్టాడు!"

"ఏం రాయి?" అంది మేలానియా. తెలియకేం, తెలుసు. ఆ కొండ మీద రాయంటే ఒకటే అర్థం.

"కొత్తదిట. ఇంతదాకా ఎవరూ చూడనిదిట. భూమి పక్కనుంచి దూసుకుపోతోందిట. ఆదివారం తెల్లారగట్ల... కాదు కాదు, ఆదివారం రాత్రి గడిచి సోమవారం తెల్లారగట్ల దొరికిందిట. డాక్టరుగారు కేకు చెయ్యమన్నారు. నిన్న సగం అయిపోయింది, నీకో ముక్క దాచాన్లే."

మేలానియా కిటికీలోంచి బయటికి చూసింది. కింద లోయలో ద్రాక్షతోటలు, పైన ఒట్టి గోధుమరంగు కొండలు. ఆదివారం సాయంత్రం అయిదింటికి ఆమె ఇదే వ్యానులో కిందికి దిగింది. రెండు రోజులు సెలవు. కింద వికూన్యా ఊళ్ళో ఇల్లు ఊడ్చుకుంది, బట్టలుతుక్కుంది, అక్క ఇంట్లో భోంచేసింది. ఆమె దిగిన పన్నెండు గంటల్లో రాయి దొరికింది, అదీ వాడికి.

పందొమ్మిదేళ్ళ నుంచి ఆ కొండమీది పాత టెలిస్కోపును నడుపుతున్నది మేలానియా అల్కింటా, అందరి నోటా దోన్యా మేలా, అంటే మేలా అమ్మగారు. భూమి దారికి దగ్గరగా తిరిగే రాళ్ళను ఎక్కడెక్కడివాళ్ళో కనిపెడతారు. కనిపెట్టి, ఆకాశంలో ఫలానా చోట చూశాం అని అందరికీ చెబుతారు. మర్నాటికి ఆ రాయి ఎంత జరిగిందో, ఎటు పోతున్నదో కొలిచి పంపడం మేలానియా పని. కొలవకపోతే రాయి తప్పిపోతుంది. ఒకళ్ళు కన్న పిల్లను సంతలో తప్పిపోకుండా చెయ్యి పట్టుకుని నడిపించినట్టు అలాంటివి నాలుగు వేలు నడిపించింది. ఒక్కటీ తను కన్నది కాదు. యెర్కో ఆరేళ్ళ క్రితం ఈ వ్యాను తోలడానికి వచ్చినవాడు. ఖాళీగా కూర్చుని ఆవలిస్తున్నాడని పైకి పిలిచి, ఒకే చోటి నాలుగు చిత్రాలు గబగబా తిప్పి చూస్తే కదిలే చుక్క ఎలా కనబడుతుందో వాడికి చూపించింది తనే.

భోజనాల గదిలో అడుగు పెట్టగానే యెర్కో లేచి వచ్చి, అక్కడి మర్యాద ప్రకారం వాటేసుకుని, బుగ్గమీద ముద్దు పెట్టాడు. నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"దోన్యా మేలా! మీరుండాల్సిందండీ ఆ రాత్రి!"

"నేనుంటే నీకెక్కడ దొరికేదిరా?" అందామె.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కానీ అన్న మాట నిజంగానే అంది.

"పేరేం పెడతావు?" అంది ఉల్దా కేకు ముక్క తెచ్చి. "ఉల్దా అని పెట్టు. గుండ్రంగా ఉంటుంది కదా."

"ముందు దాన్ని బతకనివ్వు తల్లీ," అన్నాడు యెర్కో.

కొండమీది వేధశాలకు పెద్ద అయిన డాక్టర్ ఉర్కెటా గొంతు సవరించుకున్నాడు. "మేలానియా, నిన్న గాలి ఎక్కువై టెలిస్కోపు గుమ్మటం తెరవలేకపోయాం. మన చేతిలో ఉన్నది ఒక్క రాత్రి కొలతే. రెండో రాత్రి కూడా దొరికితేనే ఆ రాయి ఉన్నట్టు లెక్క. శుక్రవారం దాటితే పున్నమి వెలుగులో ఇంక కనపడదు, ఆపైన దూరమైపోతుంది. అందుకని ఈ నాలుగు రోజులూ గుమ్మటం యెర్కోకే వదిలేద్దాం. వాడి రాయిని వాడే వెతుక్కుంటాడు. నువ్వు కింద ఆఫీసు గదిలో పాత చిత్రాలు చూడు."

వాడి రాయి! ఆమె కేకు ముక్క పక్కకి తోసేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. లోయ అవతలి కొండమీద కొత్తగా పెద్ద టెలిస్కోపు కట్టారు. మన భూమిలాగే రాతినేల ఉన్న గ్రహాలు వేరే నక్షత్రాల చుట్టూ తిరుగుతుంటాయి కదా, వాటిని వెతకడం దాని పని. గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు పదివేలలో ఒక వంతు తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకోవాలి. ఆ పనికి ఈ కొండ నుంచి ఒక్క మనిషిని పంపమన్నారు. మేలానియా అడిగింది, యెర్కో కూడా అడిగాడు. శుక్రవారం మధ్యాహ్నం డాక్టర్ ఉర్కెటా కాయితం మీద సంతకం పెడతాడు. నలభై ఏడేళ్ళ మేలానియాకు మళ్ళీ ఇలాంటి పిలుపు రాదు. ఆదివారం దాకా ఆ చోటు తనదే అని ఆమెకు అనుమానమే లేదు.

*

బుధవారం పొద్దున యెర్కో గుమ్మటం మెట్లు దిగి వచ్చిన తీరు చూడగానే దొరకలేదని తెలిసిపోయింది. చెప్పులు ఈడుస్తూ వచ్చి, కాఫీ కప్పు ముందు కూలబడ్డాడు.

"ఉండాల్సిన చోట లేదండీ. చుట్టూ కూడా చూశాను. ఇంకో రెండు దేశాలవాళ్ళు కూడా చూశారట. లేదన్నారు."

"కెమెరాలో మచ్చేమో," అంది మేలానియా.

"నాలుగు చిత్రాల్లోనూ కదిలిందండీ. మచ్చ కదలదుగా."

"సరే, చూడు మరి," అని రొట్టె మీద అవకాడో పూసుకోసాగింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా. కానీ చల్లదనమే ఎక్కువ.

ఆఫీసు గదిలో ఆ రోజంతా ఆమెకు తోచలేదు. టీ తాగుదామంటే ఆమె నీలం కెటిల్ పైన గుమ్మటం గదిలోనే ఉండిపోయింది. వెళ్ళి తెచ్చుకోవచ్చు. "ఏం దోన్యా మేలా, కెటిల్ కోసమా?" అని వాడు నవ్వుతాడు. వాడి రాజ్యంలోకి అడుక్కోడానికి వెళ్ళినట్టుంటుంది. అభిమానం అడ్డొచ్చి, ఉల్దా పెట్టే నీళ్ళ టీ తాగింది. నా కెటిల్లోనే కాఫీ కాచుకుంటూ ఉంటాడు దొంగవెధవ, అనుకుంది.

మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, ఆదివారం రాత్రి యెర్కో తీసిన చిత్రాలు తెరిచింది. ఎందుకు తెరిచిందంటే తప్పు దొరుకుతుందేమోనని. ఇంకెందుకూ కాదు.

ఆ రాయి ఉన్న మాట నిజమే. సన్నగా, స్పష్టంగా, నాలుగు చిత్రాల్లో నాలుగు చోట్ల ఉంది. మంచి కన్ను, ఒప్పుకోక తప్పలేదు. ఆ ఒప్పుకోవడంతో ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. ఆ తర్వాత అవే చిత్రాల్లో పడిన పాత రాళ్ళను, దారులు ఎప్పుడో తెలిసిపోయినవాటిని, ఒక్కొక్కటే కొలిచింది. మొదటిది ఉండాల్సిన చోటుకు కాస్త ముందుంది. రెండోదీ ముందే ఉంది. నెమ్మదిగా నడిచేది కొంచెం ముందు, జోరుగా నడిచేది ఎక్కువ ముందు. పొద్దుగూకిన వేళ తీసిన చిత్రాల్లో తేడా తక్కువ, తెల్లారగట్ల తీసినవాటిలో ఎక్కువ.

మేలానియా కుర్చీలో వెనక్కి వాలింది. రాళ్ళన్నీ కూడబలుక్కుని ముందుకు పరిగెత్తవు. చిత్రం మీద పడిన వేళే తప్పు. గడియారం వెనకబడింది.

గుమ్మటంలో బల్ల వెనక చిన్న నల్లపెట్టె ఒకటి ఉంది. ఉపగ్రహాల నుంచి సరైన వేళ తీసుకుని నిమిషానికోసారి కంప్యూటరుకు చెబుతుంది. అది లేకపోతే ఆ ముసలి కంప్యూటరు ప్రతి చిత్రానికీ సెకనో సెకనున్నరో లెక్క మరిచిపోతుంది. రాత్రికి వంద చిత్రాలు తీస్తే రెండు నిమిషాలు పోయినట్టే. అలాంటి లెక్కతో రాయి వేగం తప్పు వస్తుంది, మూడో నాటికి అది ఎక్కడుందో ఎవడికీ తెలీదు. ఆ పెట్టె అమర్చింది మేలానియాయే. కప్పెక్కి యాంటెనా బిగించింది కూడా ఆమే. ప్లగ్గు మీద ఆమె చేత్తో రాసి అంటించిన కాయితం ఇప్పటికీ ఉంది: 'ముట్టుకుంటే చెయ్యి విరుస్తా. - మేలా.'

"ముట్టుకున్నాడన్నమాట," అంది పైకే. ఫోను చార్జింగ్ పెట్టుకోడానికి పీకేసి ఉంటాడు. తన పళ్ళు తనే రాలగొట్టుకున్నాడు వెధవ!

మెట్లెక్కి ఒక్క మాట చెబితే చాలు. లెక్క సరిచేసి పంపితే రాయి ఆ రాత్రే దొరుకుతుంది. ఆమె చిత్రాలు మూసేసింది. పైకి వెళ్ళలేదు. ప్లగ్గు సంగతి కళ్ళారా చూడకపోతే తనకు తెలిసినట్టు కాదులే అనుకుంది.

*

గురువారం సాయంత్రం ఓన్సేకి అందరూ చేరారు. టీ, వేడి రొట్టె, చీజు, బొప్పాయి ముక్కల పాకం. ఆరింటి ఆ టీ తాగితేగాని కొండ మీద ఎవరికీ పొద్దు పోయినట్టుండదు. యెర్కో రొట్టె తుంచి పెట్టుకున్నాడుగాని తినలేదు.

"నిన్న రాత్రి కూడా లేదా?" అడిగింది ఉల్దా.

"లేదు. ఇవాళా రేపూ కూడా దొరక్కపోతే జాబితాలోంచి కొట్టేస్తారు. రాయీ లేదు, ఏమీ లేదు. అమ్మకి చెప్పేశాను కూడా. ఆవిడ వీధంతా చెప్పేసింది."

"పోనీలే నాయనా, ఆకాశంలో రాళ్ళకేం కరువు?" అంది ఉల్దా. డాక్టర్ ఉర్కెటా ఏమీ అనకుండా చక్కెర కలుపుకున్నాడు. ఆ మౌనం చూసి మేలానియా మనసులో లెక్క వేసుకుంది. రాయి పోతే పెద్ద టెలిస్కోపు చోటు మళ్ళీ తనదే.

టీ అయ్యాక యెర్కో ఆమె వెనకే వరండాలోకి వచ్చాడు.

"దోన్యా మేలా, ఒక్కసారి మీరు చూడరూ నా చిత్రాలు? నేనెక్కడో తప్పుచేశాను. నా కంటికి ఆనడం లేదు. మీ కంటికి ఆనుతుంది."

అతని చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకదాంట్లో పెట్టుకుని ఉన్నాయి. మామూలుగా అయితే ఆమె సరిచేసేది.

"చూస్తాలే," అంది. "ఇప్పుడు తలనొప్పిగా ఉంది."

"మీకెప్పుడు వీలైతే అప్పుడే," అని గుమ్మటం వైపు వెళ్ళిపోయాడు. ఆమెకు నిజంగానే తలనొప్పి పట్టుకుంది.

*

శుక్రవారం పొద్దున ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. రాయి పోతే యెర్కో ఓడిపోతాడు, అంతే. అదే తప్పు పట్టుకున్నది తను అయితే? అప్పుడు తను గెలుస్తుంది. మొహం కడుక్కుని, మంచి స్వెట్టరు వేసుకుని, డాక్టర్ ఉర్కెటా గదికి వెళ్ళింది.

"డాక్టర్, యెర్కో కొలతలు చూశాను. తప్పు రాయిది కాదు, వేళది. ఇదిగో, సరిచేసిన లెక్క."

ఆయన కాయితం చూశాడు, ఆమెను చూశాడు, వెంటనే ఫోను తీశాడు. సముద్రం అవతల ఇంకా చీకటి ఉన్న చోటికి కొత్త లెక్క వెళ్ళింది. గంటన్నరలో జవాబు వచ్చింది. రాయి సరిగ్గా అక్కడే ఉంది.

భోజనాల గదిలో ఉల్దా గరిటెతో గిన్నె వాయించింది. నిద్రలోంచి లేపుకొచ్చిన యెర్కో, నిన్నటి చొక్కాతోనే, తల రేగిపోయి, మేలానియా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "మీరు లేకపోతే నా రాయి గల్లంతయ్యేదండీ! నే చెప్పలేదూ, ఆవిడ కంటికి ఆనుతుందని?"

డాక్టర్ ఉర్కెటా జేబులోంచి మడిచిన కాయితం తీశాడు. "రాయిని యెర్కో పట్టాడు. సంతోషం. కానీ అవతలి కొండ మీద పదివేలలో ఒక వంతు వెతకాలి. అక్కడికి కావలసింది తప్పును పట్టే మనిషి. మేలానియా పేరు రాశాను. భోజనమయ్యాక సంతకం పెడతాను." అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు యెర్కో.

మేలానియా బీన్సు రెండు చెంచాలు తిని లేచింది. ఇంక ఒక్కటే పని మిగిలింది. ఆ పీకేసిన ప్లగ్గును కళ్ళారా చూసి, వాడి మొహాన పెట్టి, 'ఇదిరా నువ్వు చేసిన పని' అనాలి. చోటు దొరికినా కడుపుమంట చల్లారలేదు. వాడలా చప్పట్లు కొట్టడంతో ఇంకా రాజుకుంది.

గుమ్మటం గది ఖాళీగా ఉంది. ఆమె బల్ల కిందికి వంగి, టార్చి వేసింది. నల్లపెట్టె తీగ నేలమీద పడి ఉంది, 'చెయ్యి విరుస్తా' కాయితంతో సహా. దాని చోట ఇంకో ప్లగ్గు పెట్టి ఉంది. ఆ తీగ పట్టుకుని లాగుతూ పోయింది. అది అలమారు పక్కనుంచి పైకి వెళ్ళింది. పైన ఆమె నీలం కెటిల్ ఉంది. పిడికి ఆమె కట్టిన ఎర్రదారం. అడుగున చల్లారిన నీళ్ళు, ఆదివారం నాటివి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం కొండ చూడ్డానికి బడిపిల్లలు వచ్చి భోజనాల గది నిండిపోయింది. తన టీ తను ఇక్కడే కాచుకుంది. రెండో ప్లగ్ పాయింటు కాలిపోయి ఉంది. అయిదు నిమిషాలే కదా, నాది నేను తీస్తే ఏం, అనుకుంది. ఇంతలో కింద వ్యాను హారను మోగింది.

నేలమీదే కూర్చుని, బల్లమీది రోజువారీ పుస్తకం అందుకుంది. ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది అక్కడ. ఏ రాత్రి పని మొదలుపెట్టినా, ఏ కొత్త కొలత పంపినా, ముందు ఆ నెలలో దగ్గర తిరుగుతున్న పాత రాయినొకదాన్ని కొలిచి సరిచూడాలి. 'ముందు తాతకి దండం పెట్టు, తర్వాతే కొత్తవాళ్ళతో మాట్లాడు' అని యెర్కోకు నేర్పింది. వాడు బద్ధకించి దండం మానేసి ఉంటాడని ఆమె నమ్మకం. ఆదివారం పేజీ తీసింది. యెర్కో గుండ్రటి అక్షరాలు.

'సాయంత్రం: తాత కొంచెం ముందున్నాడు. తెల్లారగట్ల: తాత ఇంకా తొందరలో ఉన్నాడు. గడియారమేమో అనుకున్నాను. కాదు, అది దోన్యా మేలా పెట్టింది, తప్పు చూపించదు. నిద్రమత్తులో నా చెయ్యే తిన్నగా లేదు.'

ఆ మూడు వరుసలు ఆమె నాలుగైదుసార్లు చదివింది. తర్వాత కెటిల్ ప్లగ్గు పీకి, పెట్టె ప్లగ్గు పెట్టి, కెటిల్ చేత్తో పట్టుకుని కిందికి దిగింది.

వాళ్ళింకా బల్ల దగ్గరే ఉన్నారు. డాక్టర్ ఉర్కెటా కలం మూత తీస్తున్నాడు. ఆమె కెటిల్‌ను ఆ కాయితం పక్కన పెట్టింది.

"సంతకం పెట్టకండి. గడియారం ప్లగ్గు తీసింది యెర్కో కాదు, నేను. ఆదివారం దీనికోసం తీసి, పెట్టడం మరిచిపోయాను."

యెర్కో ఫక్కున నవ్వాడు. "ఓస్, ఇంతేనా! దానికింత మొహం పెట్టారేంటండీ? అందరం మరిచిపోతాం. మీరే కనిపెట్టారుగా మళ్ళీ."

అక్కడితో ఆపేయొచ్చు. ఉల్దా కూడా నవ్వుతోంది, డాక్టర్ మొహం కూడా మెత్తబడింది. మేలానియా కెటిల్ పిడికి కట్టిన దారం సవరించింది.

"ప్లగ్గు సంగతి ఇప్పుడే తెలిసింది. వేళ తప్పుగా ఉందని మాత్రం నాకు బుధవారమే తెలుసు."

యెర్కో నవ్వు ఆగిపోయింది. "బుధవారమా? నిన్న సాయంత్రం నేను వచ్చి అడిగాను కదా."

"అడిగావు."

"చూస్తాలే అన్నారు."

"అన్నాను. కుళ్ళురా. నీకు దొరికిందని కుళ్ళు. పోతే పోనీ అనుకున్నాను."

అతను ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండేది. తప్పి పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటే ఊడదీసి, సరిగ్గా పెట్టుకుని, బయటికి వెళ్ళిపోయాడు. డాక్టర్ ఉర్కెటా కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం వేరే కాయితం రాస్తాను," అన్నాడు. ఎవరి పేరు రాస్తాడో ఆమె అడగలేదు.

పొద్దు వాలుతుండగా వరండాలోంచి యెర్కో గొంతు వినిపించింది. "పున్నమి ముందు ఇదే ఆఖరి రాత్రి. మన కొలత కూడా పంపాలి. గుమ్మటం తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. వస్తారా?" పేరు పెట్టి పిలవలేదు.

మేలానియా పైకి వెళ్ళింది. గుమ్మటం తలుపులు తెరుచుకున్నాయి. కొండల మీద ఎర్రదనం ఇంకా ఉంది. ఆమె అలవాటుగా కంప్యూటరు ముందు కూర్చోబోతుంటే యెర్కో టార్చి తీసుకుని బల్ల కిందికి వంగాడు. ప్లగ్గు చూశాడు. వేలితో నొక్కి చూశాడు. లేచి, తెరమీది వేళను తన ఫోనులోని వేళతో పోల్చి చూశాడు, రెండుసార్లు. ఏదీ నమ్మకు, అన్నీ సరిచూసుకో అని ఆరేళ్ళు ఆమె అతనికి నేర్పింది. అన్నింట్లో తను కూడా ఉందని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

తాతను కొలిచారు. ఉండాల్సిన చోటే ఉన్నాడు. మేలానియా రోజువారీ పుస్తకం కోసం చెయ్యి చాపింది. యెర్కో అప్పటికే దాన్ని తన ముందుకు లాక్కుని, ఆ రోజు తేదీ వేసి, కింద రాశాడు: 'గడియారం నేనే చూశాను.'